చెట్టుకు దాది: ఆల్బర్ట్ ఫ్రాంక్ జీవితం

మీరు పర్సుడీహ్‌లోనో, టాటానగర్ స్టేషన్ చుట్టుపక్కల మరో బస్తీలోనో ఉంటున్నట్లయితే, తొలకరి వానలు పడగానే బజారుకు వచ్చే ఒక సరుకు మీకు తెలిసే ఉంటుంది. గోలీకాయల్లా గుండ్రంగా, మట్టి అంటుకుని ఉంటాయి. అడవి పల్లెల నుంచి ఆదివాసీ స్త్రీలు బుట్టల్లో తెచ్చి అమ్ముతారు. వాటిని రుగ్డా అంటారు, కొందరు పుటూ అంటారు. కొరికితే పైపెంకు కటుక్కుమంటుంది. మాంసం వండినట్లే మసాలా పెట్టి వండుకుంటారు. ధర కూడా మాంసంతో పోటీ పడుతుంది.

రుగ్డా కాయ కాదు, దుంప కాదు. అది ఒక శిలీంధ్రం, అంటే పుట్టగొడుగుల జాతిది. ఉరుములు ఉరిమితే పుట్టగొడుగులు పుడతాయని మన పల్లెల్లో అన్నట్లే దీని గురించి కూడా అంటారు. కానీ ఏరుకొచ్చే వాళ్ళను అడిగితే ఉరుము కంటే ముఖ్యమైన గుర్తు ఒకటి చెబుతారు. సాల్ చెట్ల కింద వెదకాలి. సాల్ అంటే గుగ్గిలం ఇచ్చే చెట్టు. దల్మా కొండల మీద, సింగ్‌భూం అడవుల్లో అది విస్తారంగా ఉంది. చెట్లు కొట్టేసిన బయలులో ఎంత వాన కురిసినా రుగ్డా రాదు. వరిగడ్డి మీద పెంచే పుట్టగొడుగుల్లా దీన్ని పాకలో పెంచడం కుదరదు.

చెట్టుకూ ఈ శిలీంధ్రానికీ ఏమిటి సంబంధం? ఇలాంటి ప్రశ్నకే జర్మనీ దేశంలో ఒక ఆచార్యుడు 1885లో జవాబు చెప్పాడు. ఆయన పేరు ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్. వృక్షశాస్త్రం చదివినవాళ్ళకు, అడవుల శాఖల్లో పనిచేసేవాళ్ళకు ప్రపంచమంతటా తెలిసిన పేరు అది. ఈ పాఠం ఆయన జీవితం గురించి.

గింజ, బెరడు, తెగులు

ఫ్రాంక్ 1839 జనవరి 17న జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో పుట్టాడు. లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. ఎండబెట్టి అట్టలకు అంటించిన మొక్కల నమూనాలను భద్రపరిచే పని అక్కడే చేశాడు, తరువాత అక్కడే ఆచార్యుడయ్యాడు.

ఆయన తొలి పరిశోధన మీరు ఇంట్లో చేసి చూడగలిగినదే. నాలుగు పెసలు తడిగుడ్డలో కట్టి మొలకెత్తించండి. మొలకను తలకిందులుగా తిప్పి పెట్టండి. ఒకటి రెండు రోజుల్లో వేరు వంగి మళ్ళీ కిందికే దిగుతుంది, కాడ పైకే లేస్తుంది. భూమి ఆకర్షణకు మొక్క ఇలా స్పందించడాన్ని మన పాఠ్యపుస్తకాల్లో గురుత్వానువర్తనం అంటారు. జర్మన్ భాషలో దానికి జియోట్రాపిజం అనే పేరును 1868లో ప్రవేశపెట్టింది ఫ్రాంకే.

తరువాత ఆయన దృష్టి చెట్ల బెరడు మీద, రాళ్ళ మీద బూడిదరంగు పొడల్లా పెరిగే లైకెన్ల మీదకు మళ్ళింది. లైకెన్ అంటే ఒక జీవి కాదు. ఒక శిలీంధ్రం, ఒక నాచు కలిసి చేసే కాపురం. ఇలా రెండు జీవులు ఒకదానిలో ఒకటి, ఒకదానితో ఒకటి బతకడానికి, ఎవరికి లాభం ఎవరికి నష్టం అని ముందే తేల్చకుండా, ఒక మామూలు పేరు కావాలని ఆయనకు తోచింది. 1877లో అలాంటి పేరు ఒకటి పెట్టాడు. మనం సహజీవనం అనే మాట దానికి దగ్గరగా ఉంటుంది. రెండేళ్ళకు డి బారీ అనే మరో జర్మన్ శాస్త్రవేత్త దాదాపు అదే మాటను ప్రచారంలోకి తెచ్చాడు. ఖ్యాతి ఎక్కువగా ఆయనకే దక్కింది.

ఇక్కడ ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. ఫ్రాంక్ జీవితంలో ఎక్కువ భాగం మొక్కల తెగుళ్ళ మీద గడిచింది. 1880లో మొక్కల జబ్బుల మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. తెగుళ్ళలో చాలావాటికి కారణం శిలీంధ్రాలే. వరికి అగ్గితెగులు తెచ్చేది శిలీంధ్రం. వేరుశనగకు తిక్కాతెగులు తెచ్చేదీ శిలీంధ్రమే. మొక్క మీద బూజు కనిపిస్తే జబ్బు అనుకోవడం ఆయన వృత్తిలో మొదటి పాఠం. అటువంటి మనిషి ఒక బూజును చూసి, ఇది జబ్బు కాదు అని చెప్పాడు. ఆయన చేసిన పనిలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే.

మంత్రి అడిగింది ఒకటి, దొరికింది ఒకటి

1881లో ఫ్రాంక్ బెర్లిన్‌లోని వ్యవసాయ ఉన్నత విద్యాలయానికి ఆచార్యుడుగా వెళ్ళాడు. బెర్లిన్ అప్పుడు ప్రష్యా రాజ్యానికి రాజధాని. అక్కడి వ్యవసాయ, అటవీ మంత్రి ఆయనకు ఒక పని అప్పగించాడు. ట్రఫుల్ అనే శిలీంధ్రాన్ని ప్రష్యాలో పెంచడం వీలవుతుందా అని తేల్చాలి.

ట్రఫుల్‌ను యూరపు రుగ్డా అనుకోండి. రెండూ దగ్గరి బంధువులు కావు గాని బతికే తీరు ఒకటే. ట్రఫుల్ కూడా నేలలోపల, చెట్ల వేళ్ళ దగ్గర పెరుగుతుంది. ధనవంతుల భోజనంలోకి వెళుతుంది. వాసన పసిగట్టే పందులతో, కుక్కలతో దాన్ని వెదికిస్తారు. ఫ్రాన్సులో రైతులు అప్పటికే ఓక్ గింజలు నాటి, చెట్లు పెరిగాక వాటి కింద ట్రఫుల్స్ తవ్వుకుంటున్నారు. ఆ ఆదాయం తమకూ ఉంటే బాగుండునని ప్రష్యా ప్రభుత్వానికి అనిపించడం సహజమే.

ఫ్రాంక్ అడవిలో చెట్ల పిల్లవేళ్ళను తవ్వి తెచ్చి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. ట్రఫుల్స్ పెంచే ఉపాయం ఆయనకు దొరకలేదు. మరొకటి దొరికింది. ఓక్, బీచ్, హేజెల్, చెస్ట్‌నట్, ఈ చెట్ల వేళ్ళ కొసలు ఒక్కటీ ఖాళీగా లేవు. ప్రతి కొసకూ చేతికి తొడుగు తొడిగినట్లు శిలీంధ్రపు పొర ఉంది. ఆ పొర నుంచి సన్నని పోగులు లోపలికి వెళ్ళి వేరు కణాల మధ్య వల అల్లాయి. మరికొన్ని పోగులు బయటి మట్టిలోకి పాకాయి. మామూలుగా వేరు మీద ఉండే మూలకేశాలు, అంటే నీరు పీల్చే సన్నని నూగు, అక్కడ లేనే లేదు. వేరుకూ మట్టికీ నేరుగా తాకిడే లేదు. మధ్యలో శిలీంధ్రం ఉంది.

ఒక్క నిమిషం పుస్తకం మూసి ఆలోచించండి. మీరే ఆ స్థానంలో ఉంటే ఏమనుకునేవారు? చెట్టుకు వేరుతెగులు పట్టిందనుకునేవారా?

ఫ్రాంక్ మరిన్ని చోట్ల నుంచి వేళ్ళు తెప్పించి చూశాడు. లేత చెట్టు, ముదురు చెట్టు, రకరకాల నేలలు, అన్నిచోట్లా ఇదే కథ. చెట్లు మాత్రం నవనవలాడుతున్నాయి. గింజ మొలిచినప్పుడు వేరుకు ఏ పొరా ఉండదు. తరువాత మట్టిలోని శిలీంధ్రం వచ్చి చేరుతుంది. ఒక అడవిలో ప్రతి చెట్టుకూ ఉండి, ఏ చెట్టునూ చంపని దాన్ని జబ్బు అనడం ఎలా? ఆయన తీర్మానం చాలా సాహసమైనది. ఈ చెట్లు నేల నుంచి నీటినీ పోషకాలనూ తమంతట తాము తీసుకోవడం లేదు. శిలీంధ్రం తీసి ఇస్తోంది. అది చెట్టుకు పాలిచ్చే దాది వంటిది. 1885లో ఈ విషయం ప్రకటించి, శిలీంధ్రమూ వేరూ కలిసిన ఈ అవయవానికి గ్రీకు మాటలతో మైకోరైజా అని పేరు పెట్టాడు. మైకో అంటే శిలీంధ్రం, రైజా అంటే వేరు.

న్యాయంగా మరో పేరు కూడా చెప్పాలి. ఫ్రాంక్ కంటే కొద్ది ఏళ్ళ ముందే పోలండ్ శాస్త్రవేత్త కమియెన్‌స్కీ, పచ్చదనం లేని ఒక అడవి మొక్క వేరు మీద శిలీంధ్రాన్ని చూసి, మొక్కకు ఆహారం దాని ద్వారానే వస్తోందని రాశాడు. ఆయన చూసింది ఒక వింత మొక్క. ఫ్రాంక్ చూసింది అడవికి అడవి.

వాదాలు

ఈ మాటను చాలామంది నమ్మలేదు. మ్యూనిక్‌లో రాబర్ట్ హార్టిగ్ అనే అటవీ శాస్త్రవేత్త ఉండేవాడు. చెట్ల తెగుళ్ళలో ఆయన మాటకు తిరుగులేదు. వేరు మీది శిలీంధ్రం పరాన్నజీవే, చెట్టును పీల్చి బతుకుతోంది అని ఆయన పట్టుబట్టాడు. ఇందులో ఒక విచిత్రం ఉంది. వేరు కణాల మధ్య ఉండే ఆ వలను 1840 ప్రాంతంలోనే బొమ్మ గీసినవాడు రాబర్ట్ తండ్రి థియోడర్ హార్టిగ్. అది శిలీంధ్రమని తండ్రికి తట్టలేదు. మేలు చేస్తుందని కొడుకు ఒప్పుకోలేదు. ఆ వలను ఈనాటికీ హార్టిగ్ వల అనే అంటారు.

మాటలతో వాదం తేలదని ఫ్రాంక్ ప్రయోగానికి దిగాడు. అడవి మట్టిని రెండు భాగాలు చేశాడు. ఒక భాగాన్ని వేడిచేసి అందులోని జీవులన్నిటినీ చంపాడు. రెండో భాగాన్ని ఉన్నదున్నట్లు వదిలాడు. రెండింటిలోనూ బీచ్, పైన్ మొలకలు పెంచాడు. వేడిచేయని మట్టిలో మొక్కల వేళ్ళకు శిలీంధ్రం పట్టింది, అవి ఏపుగా ఎదిగాయి. వేడిచేసిన మట్టిలో మొక్కలు గిడసబారాయి. మట్టిని ఉడికించినప్పుడు దాని గుణమే మారిపోయి ఉండవచ్చు కదా అని ప్రత్యర్థులు ఆక్షేపించారు. అది న్యాయమైన ఆక్షేపణే. దానికి పూర్తి జవాబు ఇచ్చే సాధనాలు ఫ్రాంక్ కాలంలో లేవు.

1887లో ఆయన మరో మెట్టు ఎక్కాడు. మైకోరైజాలు రెండు రకాలని చెప్పాడు. ఓక్, పైన్ వంటి చెట్లలో శిలీంధ్రం వేరుకు బయట తొడుగులా ఉంటుంది. కొన్ని మొక్కల్లో తొడుగు ఉండదు, శిలీంధ్రం వేరు కణాల లోపలికే వెళ్ళి కాపురం పెడుతుంది. సాల్ చెట్టుది మొదటి రకం. మీ పెరట్లో మొక్కజొన్న, టమాటా, మిరప, కంది, మామిడి ఇవన్నీ రెండో రకం. నేల మీది మొక్కల జాతుల్లో నూటికి 70కి పైగా ఈ రెండో రకానికే చెందుతాయని ఇప్పుడు తెలుసు. ఆవ, ముల్లంగి, క్యాబేజీ, పాలకూర, తోటకూర కుటుంబాలు మాత్రం సాధారణంగా ఈ స్నేహం లేకుండానే బతుకుతాయి.

అన్నిటిలోనూ ఫ్రాంక్‌దే పైచేయి అనుకోకండి. 1886లో హెల్‌రీగెల్ అనే శాస్త్రవేత్త, పప్పుజాతి మొక్కలు వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని పట్టుకుంటాయని ప్రకటించాడు. ఫ్రాంక్ దాన్ని చాలాకాలం సరిగా ఒప్పుకోలేదు. పప్పుజాతి అనేమిటి, అన్ని మొక్కలూ ఆ పని చేయగలవని వాదించాడు. అది తప్పని తేలింది. అయితే ఆ బుడిపెల్లోని బాక్టీరియాకు రైజోబియం అనే పేరు పెట్టింది 1889లో ఆయనే. రైతులు కందికి, వేరుశనగకు విత్తేముందు గింజకు పట్టించే రైజోబియం పొట్లం మీద ఉండే పేరు అది.

శిలీంధ్రం చేసే పని

ఫ్రాంక్ దాది అని ఊరుకున్నాడు. ఆ దాది ఇచ్చే పాలలో ముఖ్యమైనదేమిటో తరువాతి వాళ్ళు తేల్చారు. చాలా పంటల విషయంలో అది భాస్వరం.

జంషెడ్‌పూర్ చుట్టూ ఉన్న ఎర్రమట్టిని తీసుకోండి. మట్టికి ఆ ఎరుపు ఇనుము వల్ల వచ్చింది. పుల్లని స్వభావం గల ఈ నేలలో ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని గట్టిగా పట్టుకుంటాయి. నేలలో భాస్వరం ఉన్నా మొక్కకు అందదు. పైగా నత్రజనిలా భాస్వరం నీటితో కలిసి వేరు దగ్గరికి పారి రాదు. చాలా నెమ్మదిగా కదులుతుంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్న భాస్వరాన్ని తినేశాక, అక్కడ కరువు వస్తుంది. అవతల ఉన్నది ఇవతలికి రాదు.

అక్కడ శిలీంధ్రపు పోగు అక్కరకు వస్తుంది. మూలకేశం మందం మిల్లీమీటరులో సుమారు నూరో వంతు. శిలీంధ్రపు పోగు చాలాసార్లు అంతకంటే సన్నం. వేరు దూరలేని సందుల్లోకి అది దూరుతుంది. కరువు వచ్చిన మేర దాటి, కొన్ని సెంటీమీటర్ల అవతలికి పాకి, అక్కడి భాస్వరాన్ని తెచ్చి వేరులో దించుతుంది. జింకు, రాగి వంటివాటిని కూడా మోస్తుంది. బావి ఎండిన ఇంటికి పక్క వీధి నుంచి బిందెలతో నీళ్ళు మోసే మనిషిని తలచుకోండి.

కూలి లేకుండా ఎవరూ మోయరు. శిలీంధ్రానికి ఆకుపచ్చదనం లేదు, ఎండలో ఆహారం వండుకోలేదు. చెట్టు ఆకుల్లో తయారైన చక్కెరలో కొంత భాగం దానికి ఇస్తుంది. రెండో రకం శిలీంధ్రాలకు కొవ్వు కూడా మొక్క నుంచే అందుతుందని 2017లో తేలింది. రుగ్డా బయలులో ఎందుకు రాదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. దాని అన్నం సాల్ వేరులో ఉంది. మీరు బుట్టలో చూసేది ఆ శిలీంధ్రపు పండు మాత్రమే. అసలు ఒళ్ళంతా నేలలో, వేళ్ళను చుట్టుకుని ఉంటుంది.

ఈ పొత్తులో కూలీ బేరం కూడా ఉంది. పొలంలో సూపర్ ఫాస్ఫేటు, డి.ఎ.పి. దండిగా వేస్తే మొక్కకు భాస్వరం చేతికందుతుంది, శిలీంధ్రాన్ని పోషించడం తగ్గిస్తుంది. మాటిమాటికీ లోతుగా దున్నితే పోగుల వల తెగిపోతుంది. వ్యామ్ అనే పేరుతో ఈ శిలీంధ్రాల ఎరువు పొట్లాల్లో అమ్ముతున్నారు. నారుమళ్ళలో, బంజరు నేలల్లో దానితో మేలు కనిపించవచ్చు. ఏ ఏటా ఖాళీ లేకుండా పంట ఉండే పొలంలో శిలీంధ్రం చాలావరకు ఉండనే ఉంటుంది కనుక, పొట్లం కొన్నంత మాత్రాన దిగుబడి పెరుగుతుందని ఎవరైనా హామీ ఇస్తే ఆచితూచి నమ్మండి.

ఫ్రాంక్ తరువాత

చివరి రోజుల్లో ఫ్రాంక్ బెర్లిన్‌లోని ప్రభుత్వ ఆరోగ్య కార్యాలయంలో వ్యవసాయ, అటవీ జీవశాస్త్ర విభాగానికి పెద్దగా పనిచేశాడు. 1900 సెప్టెంబరు 27న చనిపోయాడు. అప్పటికి ఆయనకు 61 ఏళ్ళు. మైకోరైజా మీద వాదం ఇంకా తెగలేదు.

తీర్పు కొంత నారుమళ్ళ నుంచి వచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1920ల్లో పైన్ నారు పోస్తే పసుపుబారి చచ్చిపోయేది. ఆ దేశంలో పైన్ సహజంగా పెరగదు, దాని శిలీంధ్రం అక్కడి నేలలో లేదు. పైన్ బాగా పెరుగుతున్న చోటి మట్టి కొంచెం తెచ్చి మడిలో కలిపితే నారు తేరుకుంది. పోర్టొరికో దీవిలోనూ పైన్ తోటలు ఏళ్ళ తరబడి విఫలమై, 1955లో శిలీంధ్రం ఉన్న మట్టి కలిపాకనే నిలిచాయి. కొత్త నేలలో పాత తోట మట్టి పిడికెడు వేయడం మన రైతులకు వింతగా తోచదు.

మట్టిని ఉడికించారు కదా అన్న పాత ఆక్షేపణకు జవాబు స్వీడన్‌లో దొరికింది. 1950లో మెలిన్, నిల్సన్ అనే ఇద్దరు రేడియోధార్మిక భాస్వరాన్ని వాడారు. దాన్ని ఎక్కడ ఉందో పరికరంతో కనిపెట్టవచ్చు. వేరుకు తగలకుండా, శిలీంధ్రపు పోగులకు మాత్రమే అందేటట్లు ఆ భాస్వరాన్ని పెట్టారు. తరువాత పైన్ మొక్కను పరీక్షించారు. భాస్వరం మొక్కలో ఉంది. పోగు ద్వారా తప్ప అది రావడానికి మరో దారి లేదు.

ఫ్రాంక్ పేరు ఇంకోచోట కూడా మిగిలింది, అది తెలుగువాళ్ళకు బాగా దగ్గరి చోటు. 1886లో ఆయన శిష్యుడు బ్రున్‌కోర్స్ట్, ఆల్డర్ అనే చెట్టు వేరు బుడిపెల్లో ఉండే ఒక సూక్ష్మజీవికి గురువు పేరు మీద ఫ్రాంకియా అని పేరు పెట్టాడు. అదీ శిలీంధ్రమేనని అప్పట్లో అనుకున్నారు, నిజానికి అది బాక్టీరియా. దాన్ని చెట్టు నుంచి విడదీసి ప్రయోగశాలలో పెంచడం 1978 దాకా సరిగా కుదరలేదు. గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు ఇస్తుంది. మన కోస్తా ఇసుక నేలల్లో పెంచే సరుగుడు చెట్టుకూ ఇదే తోడు. ఈసారి శ్రీకాకుళం వైపో, నెల్లూరు వైపో మీ ఊరికి వెళ్ళినప్పుడు, సరుగుడు తోటలో పెరికి పారేసిన మొక్క ఏదైనా కనిపిస్తే దాని వేళ్ళు చూడండి. పగడాల గుత్తిలా గుబురుగా ఉన్న బుడిపెలు కనిపిస్తే, ఫ్రాంకియా ఉండేది వాటిలోనే.